తెలుగు బ్లాగుకి టెంప్లేట్ ఎలా ఎంచుకోవాలి? డెమోలో అదిరింది, నా పోస్టులు పెడితే చెడింది

రేవుగట్టు
శనివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారమండి. నాది బ్లాగర్‌లో పాత బ్లాగు. 2009లో మొదలుపెట్టా, మా రాజమండ్రి సంగతులు, అమ్మమ్మ వంటలు, అప్పుడప్పుడు ఓ చిన్న కథ, అన్నీ కలిపి 180 పోస్టుల దాకా ఉంటాయి. పిల్లల చదువుల్లో పడి 2014లో వదిలేసినదాన్ని మళ్ళీ అటు తొంగి చూడలేదు. ఈ ఏడాది చిన్నాడు కూడా హాస్టల్‌కి వెళ్ళిపోయాడు, సాయంత్రాలు ఏమీ తోచట్లేదు, మళ్ళీ రాద్దామని తెరిస్తే నాకే నవ్వొచ్చింది. నల్లటి బ్యాక్‌గ్రౌండు, దాని మీద పసుప్పచ్చ అక్షరాలు, పక్కన తిరిగే గడియారం, దాని కింద ఏ దేశం వాళ్ళు ఎంతమంది చూశారో చెప్పే జెండాలు. అప్పట్లో అదే గొప్ప, ఒక రాత్రంతా కూర్చుని పెట్టుకున్నా అవన్నీ. మా ఆడపడుచు ఫోన్‌లో చూసి "వదినా, ఇది బ్లాగా, జాతర లైటింగా" అంది.

సరే మారుద్దామని మూడు రోజుల్నించి ఇదే పని. ఒక సైటులో ఫ్రీగా ఇస్తున్న మ్యాగజైన్ టైపు టెంప్లేట్ ఒకటి దొరికింది, డెమోలో ఎంత బాగుందంటే పెద్ద పెద్ద ఫొటోలు, సన్నటి హెడ్డింగులు, చుట్టూ బోలెడు ఖాళీ, చూస్తుంటే కాఫీ తాగుతూ చదువుకోవాలనిపించేలా ఉంది. అదే తెచ్చి వేశా. వేశాక చూస్తే అసలు ఇది అదేనా అనిపించింది. హెడ్డింగుల్లో రెండు లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. "కోటిలింగాల రేవులో కార్తీకస్నానాలు" అని ఒక పోస్టు ఉంది నాది, దాంట్లో న వత్తుని కిందకి కోసేసి "కార్తీకసానాలు" చేసి పెట్టింది. ఫొటో లేని పోస్టులకేమో బూడిదరంగు డబ్బా చూపిస్తోంది. నా పోస్టుల్లో సగానికి ఫొటోలే లేవు, 2009లో గోంగూర పచ్చడికి ఫొటో ఎవరు తీశారండి.

అడిగేదేంటంటే తెలుగుకి పనికొచ్చే మంచి టెంప్లేట్ ఏదన్నా ఉందా, డబ్బులు పెట్టి కొనాలా, అసలు బ్లాగర్‌లోనే ఉండాలా వర్డ్‌ప్రెస్‌కి మారాలా. నాకు కోడింగ్ రాదు, కాపీ పేస్టు వచ్చు. కాస్త మెల్లిగా చెప్పండి.

చందు_వ్లాగ్స్
శనివారం రాత్రి 11:15

అక్కా బ్లాగర్ ఇంకా వాడుతున్నారా 😅 వర్డ్‌ప్రెస్‌కి వచ్చేయండి, ఆస్ట్రా థీమ్ (టెంప్లేట్ లాంటిదే) వేసి ఎలిమెంటార్ అని పేజీలు డిజైన్ చేసే ప్లగిన్ పెట్టుకోండి, డ్రాగ్ అండ్ డ్రాప్ అంతే, కోడింగే అక్కర్లేదు. రెడీమేడ్ డిజైన్లు బోలెడు ఉంటాయి, క్లిక్ చేస్తే సైట్ మొత్తం దిగిపోద్ది. నా సైటుకి పైన స్లైడర్ పెట్టా, ఓపెన్ అవగానే లోగో తిరుగుతుంది, పది సెకన్లకి సబ్‌స్క్రైబ్ పాపప్ వస్తుంది, చూసినవాళ్ళంతా ప్రొఫెషనల్‌గా ఉంది అంటున్నారు. కొంచెం ఖర్చు పెడితే ప్రో వెర్షన్ తీసుకోండి, సూపర్ ఉంటుంది.

కరీంనగర్_పోరడు
ఆదివారం ఉదయం 7:40

నమస్తే అక్కా. నేను వెబ్‌సైట్ల పని చేస్త, తెలుగు సైట్లు కూడ కొన్ని చేసిన. మీకు అయింది అందరికీ అయ్యేదే, మీ తప్పు ఏం లేదు. డెమో ఇంగ్లిష్‌ల ఉంటది, మనం తెలుగుల రాస్తం, కిరికిరి అంత ఆడనే ఉన్నది.

కొంచెం వివరంగ చెప్త. మీరు డెమోల చూసిన సన్నటి హెడ్డింగు ఉన్నది కదా, అది టెంప్లేట్ అందం కాదు, ఆ ఫాంట్ అందం. ఇసొంటి టెంప్లేట్లల్ల ఎక్కువగ ప్లేఫెయిర్ డిస్‌ప్లే, మాంట్సెరాట్, పాపిన్స్ ఇసొంటివి పెడ్తరు. వాటిల్ల తెలుగు అక్షరాలే లేవు. అక్షరం లేకపోతే బ్రౌజర్ ఏం చేస్తది, ఆ ఫోన్ల ఏ తెలుగు ఫాంట్ ఉంటే అది తెచ్చి పెడ్తది. విండోస్‌ల అయితే నిర్మలా, ఆండ్రాయిడ్‌ల ఎక్కువగ నోటో, ఐఫోన్‌ల కోహినూర్. అంటే మీరు ఇష్టపడి తెచ్చుకున్న డిజైన్ల సగం మీ ఇంటికి రానే రాలేదు, పెండ్లికొడుకు ఫొటో చూసి ఒప్పుకుంటే పీటల మీద ఇంకొకడు కూసున్నట్టు.

ఇగ వత్తు ఎందుకు తెగిందంటే. ఇంగ్లిష్ అక్షరాలకు పైన కింద పెద్దగ ఏం ఉండదు, అందుకే హెడ్డింగులకు లైన్ హైట్ (అక్షరం సైజుకు ఎన్ని రెట్ల ఎత్తు లైన్‌కు ఇయ్యాలె అన్నది) 1.1 లేకపోతే 1.2 ఇచ్చి దగ్గర దగ్గరగ పెడ్తరు, చూడనీకి కూడ మంచిగనే ఉంటది. మనకేమో పైన గుడిదీర్ఘం, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. "రాష్ట్రం" రాసి చూడండి, "జ్యోత్స్న" రాసి చూడండి, రెండంతస్తుల బిల్డింగ్ లెక్క ఉంటది. దానికి 1.2 ఇస్తే పై లైన్ వత్తు కింది లైన్ దీర్ఘం గుద్దుకుంటయి. పైనుంచి కొన్ని టెంప్లేట్లల్ల హెడ్డింగు డబ్బా దాటితే కోసెయ్యమని రాసి ఉంటది, మీ కార్తీకసానాలు గట్లనే అయ్యింది.

అందుకే టెంప్లేట్ పేరు అడుగుడు కంటె ఒక పని చేయండి. మీ బ్లాగుల అన్నిటికంటె పొడుగు హెడ్డింగు, వత్తులు ఎక్కువ ఉన్నది ఒకటి పట్టుకోండి. డెమో పేజీని ల్యాప్‌టాప్‌ల క్రోమ్‌ల తెరవండి. హెడ్డింగు మీద రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ అనండి, పక్కన ఏదో కోడ్ వస్తది, భయపడకండి, దాంట్ల మీకు ఆ హెడ్డింగు మాటలు కనవడ్తయి, వాటి మీద డబుల్ క్లిక్ చేసి మీ తెలుగు హెడ్డింగు అతికించి ఎంటర్ కొట్టండి. పేజీ మీద వెంటనే మారుతది. ఎవ్వరికీ ఏం కాదు, రీఫ్రెష్ కొడితే మళ్ళ ఎప్పటి లెక్కనే అయితది. గట్లనే ఒక పేరా కూడ మార్చి చూడండి. అదే ఇన్‌స్పెక్ట్‌ల ఫోన్ బొమ్మ ఉంటది, అది నొక్కితే ఫోన్‌ల ఎట్ల కనవడ్తదో గూడ తెలుస్తది. పది నిమిషాల పని, టెంప్లేట్ దించక ముందే నిజం బయటవడ్తది.

ఇంక మూడు చూడాలె. అక్షరాల మధ్య ఎడం పెట్టిన డిజైన్ తీస్కోవద్దు, ఇంగ్లిష్‌ల స్టైల్‌గ ఉంటది, తెలుగుల పండ్లు ఊడినట్టు ఉంటది. పేరా మొదటి అక్షరాన్ని పెద్దగ చేసేది వద్దు, "క్షమించు" అని మొదలువెడితే కొన్ని బ్రౌజర్లల్ల క, ష విడిపోయే ఛాన్స్ ఉన్నది. కొటేషన్లన్నీ ఇటాలిక్‌ల పెట్టేది కూడ వద్దు, తెలుగు ఫాంట్లల్ల చాన వాటికి ఇటాలిక్ ఉండదు, బ్రౌజర్ అక్షరాన్ని బలవంతంగ పక్కకు వంచుతది, గాలికి వొరిగిన పందిరి లెక్క.

చందు తమ్మీ, ఆ తిరిగే లోగో సంగతి మళ్ళ మాట్లాడుకుందాం 🙂

పాతబ్లాగరు
ఆదివారం ఉదయం 9:05

రేవుగట్టు గారూ, మీ గడియారం, జెండాలు చదువుతుంటే కళ్ళ ముందు కూడలి, హారం (తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైట్లు) రోజులు తిరిగాయండి. లేఖినిలో టైపు చేసి తెచ్చి అతికించేవాళ్ళం. నా బ్లాగులో మంచు కూడా కురిసేది, మే నెలలో, విజయవాడలో కూర్చుని.

నా సలహా మీరు బ్లాగర్‌లోనే ఉండండి. 180 పోస్టులు, పదిహేనేళ్ళ లింకులు, ఎవరెవరో ఎక్కడెక్కడో పెట్టుకున్నవి. బ్లాగర్‌లో టైటిల్ మొత్తం తెలుగులో ఉంటే అడ్రస్‌లోకి తెలుగు రాదు, ఏడాది, నెల, ఆ తర్వాత బ్లాగ్‌పోస్ట్ అని ఒక అంకె వస్తుంది కదా, వర్డ్‌ప్రెస్‌కి వెళ్తే ఆ అడ్రస్‌లన్నీ మారిపోతాయి, పాతవాటిని కొత్తవాటికి మళ్ళించుకోవాలి, అదో యజ్ఞం. వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు, కాపీ పేస్టు దాకా వచ్చినవాళ్ళకి మాత్రం వద్దంటాను.

రెండోది, బయటి సైట్లలో ఫ్రీగా ఇచ్చే టెంప్లేట్లు. నేనూ ఒకసారి పడ్డాను. సైటు పేరు ఎందుకులెండి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, అట్టడుగున "డిజైన్ ఫలానా వారు" అని చిన్న లింకు ఉంది, ఫలానా వారు ఎవరా అని నొక్కితే ఏదో పేకాట సైటు. మనకెందుకులే అని ఎడిట్ హెచ్‌టీఎంఎల్‌లోకి వెళ్ళి ఆ లైను పీకేశా. మర్నాడు పొద్దున్న మా బావగారు ఫోన్ చేసి "ఏమయ్యా, నీ బ్లాగు తెరిస్తే ఇంకేదో వస్తోంది" అన్నారు. ఆ లైను తీసేస్తే వచ్చినవాణ్ణి వచ్చినట్టు వాళ్ళ సైటుకి తోలేసేలా లోపలెక్కడో అర్థంకాని చుట్టలు చుట్టిన జావాస్క్రిప్టు పెట్టారు. అందరూ అలా ఉంటారని కాదు, మర్యాదస్తులూ ఉన్నారు, కానీ కోడ్ చదవడం రాని మనం ఎవరెవరో ఎలా కనిపెడతాం?

బ్లాగర్ వాళ్ళే 2017లో నాలుగు కొత్త థీములు ఇచ్చారు, కాంటెంపో, సోహో, ఎంపోరియో, నోటబుల్ అని. నాలుగూ ఫోన్‌లో బాగానే సర్దుకుంటాయి. సోహో, ఎంపోరియో ఫొటోలు దండిగా ఉన్నవాళ్ళకి, గళ్ళు గళ్ళుగా బొమ్మలు పేరుస్తాయి, మీ గోంగూర పచ్చడికి పనికిరావు. కాంటెంపో చూడండి, ఫొటో లేకపోయినా పోస్టు పోస్టులాగే ఉంటుంది. డైనమిక్ వ్యూస్ అని 2011 నాటిది ఒకటుంది, దాని జోలికి మాత్రం పోవద్దు, అంతా స్క్రిప్టు మీద నడుస్తుంది, పక్కన పెట్టుకునే గాడ్జెట్లు చాలా వరకు అందులో పనిచెయ్యవు.

అన్నిటికంటే ముందు బ్యాకప్. థీమ్‌లోకి వెళ్తే కస్టమైజ్ పక్కన చిన్న బాణం ఉంటుంది, దాంట్లో బ్యాకప్. అది డిజైన్‌కి మాత్రమే, పోస్టులకి కాదు. పోస్టులకి సెట్టింగ్స్‌లో కిందెక్కడో బ్యాకప్ కంటెంట్ అని వేరేగా ఉంటుంది. రెండూ దించి పెట్టుకోండి. థీమ్ మారిస్తే పోస్టులేం పోవు, నిజమే, అయినా దించుకోండి.

డాలస్_వంటిల్లు
ఆదివారం ఉదయం 11:30

పాతబ్లాగరు గారితో సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను 🙂 నేను వంటల బ్లాగు బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి మార్చి ఆరేళ్ళయింది, బాధపడింది లేదు. వంటలైతే కొలతలు వేరే డబ్బాలో రావాలి, ప్రింట్ బటన్ కావాలి, కథంతా దాటుకుని నేరుగా వంటకి దూకే లింకు కావాలి, అవి అక్కడ తేలిక. కానీ రేవుగట్టు గారివి వంటలు ఒక్కటే కాదు కదా, కబుర్లు కథలు ఎక్కువైతే బ్లాగర్ చాలు, నిజంగానే.

ఒకవేళ వచ్చారనుకోండి, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వేరు, డాట్ ఆర్గ్‌లో సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని సొంతంగా హోస్టింగ్ (సైటు ఉంచుకునే జాగా) కొని పెట్టుకోవడం వేరు, చాలామంది ఇక్కడే తికమక పడతారు. థీమ్ మాత్రం డాట్ ఆర్గ్ డైరెక్టరీలోంచే తీసుకోండి, పెట్టేముందు అక్కడివాళ్ళు చూసి పెడతారు. జెనరేట్‌ప్రెస్, కేడెన్స్ రెండూ తేలిగ్గా ఉంటాయి, ఫ్రీ వెర్షనే సరిపోతుంది. ఏదీ వద్దనుకుంటే వర్డ్‌ప్రెస్‌తో పాటే వచ్చే ట్వెంటీ ట్వెంటీఫైవ్ ఉండనే ఉంది. కొన్న థీమ్‌ని క్రాక్ చేసి ఊరికే ఇచ్చే సైట్లుంటాయి, పొరపాటున కూడా వద్దు, పైన ఆయన చెప్పిన పేకాట లింకే ఇక్కడ ఇంకో వేషంలో వస్తుంది.

ఇంకో తమాషా చెప్తా, ఇది ఎవరూ చెప్పరు. వర్డ్‌ప్రెస్‌లో టైటిల్ తెలుగులో రాస్తే అడ్రస్ కూడా తెలుగులోనే వస్తుంది, భలే ఉంది అనుకుంటాం. లోపల మాత్రం ఒక్కో తెలుగు గుర్తుకి తొమ్మిది అక్షరాలు పడతాయి, శాతం గుర్తులూ అంకెలూ కలిపి. మొత్తానికి ఉన్న జాగా 200. అంటే ఇరవై రెండు గుర్తులకే నిండిపోతుంది, అదీ గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కేస్తే. రేవుగట్టు గారు "రాజమండ్రి కోటిలింగాల రేవులో కార్తీకస్నానాలు" అని పెట్టారనుకోండి, రాజమండ్రికి 81, కోటిలింగాలకి 90, మధ్యలో రెండు ఖాళీలు, మిగిలిన 27లో "రేవ" పడుతుంది, సరిగ్గా 200. కొమ్ముకి కూడా చోటుండదు! అక్కడికి తెగిపోతుంది. పైగా ఆ లింకు వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు శాతం గుర్తుల గుట్టలాగే కనిపిస్తుంది, ఎవరూ నొక్కరు, వైరస్ అనుకుంటారు. అందుకని అడ్రస్ మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా చేత్తో కొట్టుకోవాలి. బ్లాగర్‌లో కూడా పోస్టు పబ్లిష్ చేసే ముందు పర్మాలింక్‌లో కస్టమ్ అని ఉంటుంది, అక్కడ ఇవ్వొచ్చు.

చందూ, స్లైడర్ గురించి. నేనూ పెట్టా మొదట్లో, ఐదు ఫొటోలు, పక్కకి జరుగుతూ. తణుకులో మా అత్తగారు తన ఫోన్‌లో తెరిస్తే తెల్ల స్క్రీను, తెల్ల స్క్రీను, తెల్ల స్క్రీను, చివరికి ఆవిడ "నీ వంట ఇంకా పొయ్యి మీదే ఉన్నట్టుందమ్మా" అన్నారు. తీసేశా.

చందు_వ్లాగ్స్
ఆదివారం మధ్యాహ్నం 12:10

ఆంటీ నాది ఫాస్ట్‌గానే ఓపెన్ అవుతుంది, నా ఫోన్‌లో చెక్ చేశా

కరీంనగర్_పోరడు
ఆదివారం మధ్యాహ్నం 12:48

తమ్మీ నీ ఫోన్‌ల ఫాస్ట్‌గనే వస్తది, నువ్వు రోజుకు పదిసార్లు తెరుస్తవు, ఫొటోలన్నీ ఆల్రెడీ దాసిపెట్టుకుని ఉంటది. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌ల (సైటు ఎంత ఫాస్టో వందకు మార్కులేసే గూగుల్ సైటు) నీ అడ్రస్ కొట్టు, మొబైల్‌కు వచ్చిన మార్కులు చూడు. పేజీల ముఖ్యమైన ముక్క 2.5 సెకన్లల్ల కనవడాలె అని గూగుల్ లెక్క. తిరిగే లోగో పెట్టినవంటే అది తిరిగినంతసేపు వెనుక ఉన్నది కనవడదు, నువ్వే తలుపు వేసి నువ్వే వచ్చినోళ్ళను ఆగుమన్నట్టు.

అక్కా, మీరు కూడ ఏ టెంప్లేట్ అనుకున్నా దాని డెమో అడ్రస్ ఆడ కొట్టి చూడండి. డెమోకే మార్కులు రాకపోతే మీకు అసలే రావు.

అక్షరప్రేమి
ఆదివారం సాయంత్రం 4:20

ఫాంట్ల గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు బోలెడున్నాయండి, రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు, పేర్లు చూస్తే రాయలవారి కొలువూ వాడుకభాషా ఉద్యమం ఒకే వరసలో కూర్చున్నట్టుంటుంది. పేర్లకి మురిసిపోయి ఐదారు తెచ్చి పెట్టేస్తారు, అక్కడ దెబ్బతింటారు. వీటిల్లో చాలావాటికి ఒకే ఒక్క మందం ఉంటుంది. మండలినే తీసుకోండి, చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ బోల్డ్ లేదు. మీరు బోల్డ్ నొక్కితే బ్రౌజరే అంచులు పూసి లావు చేస్తుంది, గుండ్రాలు పూడుకుపోయి థ కి ధ కి తేడా తెలియదు. రామభద్ర హెడ్డింగులకి పుట్టింది, దాన్ని పేరాకి పెడితే పోస్టంతా గోడ మీద పోస్టరులా అరుస్తుంది.

నా ఓటు నోటో సెరిఫ్ తెలుగుకి, సన్నం నుంచి లావు దాకా అన్ని మందాలూ నిజంగా ఉన్నాయి. కథలకి బాగుంటుంది. కాస్త కొత్తగా కావాలంటే అనేక్ తెలుగు. ఒకటి పేరాకి, ఒకటి హెడ్డింగుకి, అంతకు మించి వద్దు.

కరీంనగర్_పోరడు
ఆదివారం సాయంత్రం 5:02

అన్నా మీరు చెప్పింది కరెక్టే, కాని అక్కకు ఇప్పుడు ఏ ఫాంటూ వద్దంట నేను. ఫోన్ల ఉన్న ఫాంట్ చాలు. బయట నుంచి ఫాంట్ తెస్తే అది దిగేదాక ఒక రూపం, దిగినంక ఇంకో రూపం, చదువుతుంటె లైన్లు జరుగుతయి. అసలు నోటో ఎట్లనో ఆండ్రాయిడ్‌ల ఉండనే ఉంటది.

అక్షరప్రేమి
ఆదివారం సాయంత్రం 5:30

ఆండ్రాయిడ్‌లో ఉండేది మామూలుగా నోటో సాన్స్ అండి, నేనన్నది సెరిఫ్, అది వేరే ఫాంటు. అందరి ఫోన్లలో ఒకే ముఖం ఉంటే అది బ్లాగుకి ముఖం ఎలా అవుతుంది? సగం సెకను జరిగితే జరగనివ్వండి. పుస్తకం కొనేటప్పుడు అక్షరం చూసి కొనేవాళ్ళం మేము.

ఎలాగైనా సైజు మాత్రం ఇద్దరం ఒప్పుకుంటామనుకుంటా. టెంప్లేట్లలో 16 పిక్సెళ్ళు, ఒక్కోసారి 14 కూడా ఇస్తారు, ఇంగ్లిష్‌కి సరే, తెలుగులో వత్తులు చీమల్లా ఉంటాయి. 18 కంటే తగ్గకండి. లైన్ల మధ్య 1.7 నుంచి 1.8. రంగు కూడా చూడండి, తెల్లటి కాగితం మీద లేత బూడిదరంగు అక్షరాలు ఈ మధ్య ఫ్యాషన్, ఎండలో ఫోన్ పట్టుకున్నవాడికి ఏమీ కనపడదు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని రూలే ఉంది. రెండు వైపులా సమంగా అంచులు కొట్టే జస్టిఫై కూడా ఫోన్‌లో తీసెయ్యండి, మన మాటలు పొడుగు, లైనుకి మూడే పడతాయి, వాటి మధ్య కాలవలు పారతాయి.

రేవుగట్టు
మంగళవారం రాత్రి 9:35

అందరికీ చాలా థాంక్సండి, ఇంత ఓపిగ్గా చెప్పారు. చేసింది చెప్తా, నవ్వకండి.

ముందు బ్యాకప్‌లు రెండూ దించా. తర్వాత కరీంనగర్ తమ్ముడు చెప్పిన ఇన్‌స్పెక్ట్ పని, మొదటిసారి చెయ్యి వణికింది, ఎవరి సైటో పాడుచేస్తున్నానేమో అని. తీరా అలవాటయ్యాక ఆపలేకపోయా, కనపడ్డ డెమోలన్నిటిలో నా కార్తీకస్నానాలు అతికించి చూశా, పద్నాలుగు చూస్తే తొమ్మిదింట్లో న వత్తు మాయం. డబ్బులు పెట్టి కొనాల్సినవి కూడా ఉన్నాయి ఆ తొమ్మిదిలో. ఒకటైతే పేజ్‌స్పీడ్‌లో 23 మార్కులు, మా చిన్నాడి ఫిజిక్స్ లాగ.

చివరికి కాంటెంపోనే పెట్టా. కస్టమైజ్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి యాడ్ సీఎస్ఎస్ (పేజీ రూపం మార్చే కోడ్ పెట్టేది) అన్నచోట లైన్ హైట్ హెడ్డింగుకి 1.5, పోస్టుకి 1.8 అని పెట్టా (తమ్ముడు మెసేజ్‌లో పంపిన రెండు లైన్లు కాపీ పేస్టు), సైజు 19. ఫాంటు ఇప్పటికి ఏదీ తేలేదు, అక్షరప్రేమి గారు ఏమీ అనుకోకండి, నోటో సెరిఫ్ తర్వాత చూస్తా. గడియారం తీసేశా, జెండాలూ తీసేశా. తీసేటప్పుడు కాస్త బాధేసింది, ఐస్‌లాండ్ నుంచి ఒకళ్ళు చూసేవాళ్ళు, ఎవరో ఏమిటో.

ఫోన్‌లో చూస్తే స్నానాలు స్నానాల్లాగే ఉన్నాయి. సంతోషపడ్డా. పడి 2010 పోస్టొకటి తెరిస్తే ఖాళీ! హెడ్డింగు ఉంది, కింద అంతా తెల్లగా. పోయాయి పోస్టులు అనుకున్నా, కాళ్ళు చల్లబడ్డాయి. తీరా వేలు పెట్టి లాగితే అక్షరాలు సెలెక్ట్ అవుతున్నాయి, ఉన్నాయి, కనపడట్లేదంతే. ఇది టెంప్లేట్ తప్పా?

కరీంనగర్_పోరడు
మంగళవారం రాత్రి 10:10

😂 టెంప్లేట్ తప్పు కాదక్కా. అప్పట్ల నలుపు మీద కనవడాలె అని మీరు పోస్టు రాసేటప్పుడే అక్షరాలను సెలెక్ట్ చేసి తెలుపో పసుపో ఇచ్చి ఉంటరు. ఆ రంగు టెంప్లేట్ల ఉండదు, పోస్టు లోపల్నే అతుక్కుని ఉంటది. ఇప్పుడు వెనుక తెలుపు వచ్చింది, తెలుపు మీద తెలుపు. వర్డ్‌ల రాసి అతికించినయి కూడ గట్లనే ఉంటయి, ఫాంట్ పేరు, సైజు అన్నీ మోసుకొస్తయి, మనం టెంప్లేట్ల ఏం ఇచ్చినా వినవు.

రెండు దారులు. యాడ్ సీఎస్ఎస్‌ల ఇంకొక లైన్ పెడితే పోస్టు లోపలి రంగులన్నీ కాదని ఒకటే రంగు చేస్తది, అది పంపిస్త, వెంటనే అన్నీ కనవడ్తయి. కాని మీరు కావాలని ఎర్రగ రాసుకున్నయి ఉంటే అవి కూడ పోతయి. ఇంకోటి, పోస్టు ఎడిట్‌ల తెరిచి అంతా సెలెక్ట్ చేసి క్లియర్ ఫార్మాటింగ్ కొట్టుడు, ఒక్కొక్కటి చేయాలె, కాని అసలు పని అదే. ఇయ్యాల మొదటిది చేయండి, తీరిగ్గ రెండోది చేస్కోండి.

డాలస్_వంటిల్లు
మంగళవారం రాత్రి 10:40

క్లియర్ ఫార్మాటింగ్ కొట్టేటప్పుడు జాగ్రత్త, బోల్డ్‌లు కూడా పోతాయి. వంటల్లో కొలతలు బోల్డ్‌లో పెట్టి ఉంటే మళ్ళీ పెట్టుకోవాలి. నేను తెలియక పులిహోర పోస్టంతా ఒకే ముద్ద చేశా.

చందు_వ్లాగ్స్
మంగళవారం రాత్రి 11:58

పేజ్‌స్పీడ్ చూశా. 31 😐 తిరిగే లోగో తీసేశా. పాపప్ మాత్రం తియ్యను.

రేవుగట్టు
శుక్రవారం రాత్రి 9:15

తమ్ముడి లైను పెట్టగానే అన్నీ కనపడ్డాయండి, బతికా. ఇప్పుడు రోజుకి నాలుగు చొప్పున తెరిచి శుభ్రం చేస్తున్నా, ఇంకా యాభై దాకా ఉన్నాయి. నాలుగు కంటే ఎక్కువ అవ్వట్లేదు, ఎందుకంటే ప్రతి పోస్టు కిందా ఆగి పాత కామెంట్లు చదువుతూ కూర్చుంటున్నా. మాగాయ పోస్టు కింద 2011లో ఒకాయన "ఉప్పు పాళ్ళు రాయలేదు" అని అడిగారు, నేను జవాబే ఇవ్వలేదు. ఇవాళ ఇచ్చా.